నక్షాకు అంగుళం తేడా రాని ఇల్లు

పొద్దున్నే పేపరు తెరిస్తే చాలు, పోయిన నెల దేశం మొత్తం మీద ఇళ్ళ అనుమతులు ఇంత పెరిగాయనో, అంతకు ముందు నెల ఇంత తగ్గాయనో ఒక వార్త ఉంటుంది. పక్కనే మెట్లు మెట్లుగా ఒక బొమ్మ. కింద ఒక పెద్దమనిషి మాట. ప్రజల్లో నమ్మకం పెరిగింది కాబట్టి ఇళ్ళు పెరిగాయట! నాకు నవ్వాగదు. ఇంట్లోవాళ్ళు ఈ ముసలాయనకేమైందని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఏం చేయను మరి? కూరలో ఏం పడిందో వండినవాడికి తెలుస్తుంది. ఆ అంకెల వంట నేను చేశాను. సికింద్రాబాద్‌లో, పోలీస్ యాక్షన్‌కు ముందు కొన్నాళ్ళూ తర్వాత చాలా ఏళ్ళూ, ఇళ్ళకు ఇజాజత్, అంటే అనుమతి, ఇచ్చే ఒక కచేరీలో గుమాస్తాగా వెలగబెట్టాను.

మా ఊరి సంగతి కాస్త చెప్పాలి. సికింద్రాబాద్ ఎన్నో ఏళ్ళు ఇంగ్లీషువాళ్ళ దండు ఊరు. వాళ్ళు పోతూ పోతూ ఊళ్ళో చాలా భాగాన్ని నిజాం సర్కారుకు తిరిగి అప్పజెప్పారు. దాంతో మా కచేరీలో జనవరి, ఫిబ్రవరి పోయి ఆజూర్, దై, బహమన్ అనే ఫసలీ నెలలు దిగాయి. రిజిస్టర్లు ఇంగ్లీషులోంచి ఉర్దూలోకి దూకాయి. గుమాస్తాలు కోట్లు విడిచి షేర్వానీలు కుట్టించుకున్నారు. నాకు అప్పుడే కొత్త ఉద్యోగం. నేనూ పోయి రెజిమెంటల్ బజార్‌లో దర్జీ చాచా దగ్గర ఒక నల్ల షేర్వానీ కుట్టించుకున్నాను.

దర్జీ చాచా ముసల్మానే గానీ, ఇంట్లో కూరలోకి ఉప్పు అడగాలన్నా తెలుగులోనే అడిగే మనిషి. తాతల నాటి నుంచి దండులో దొరలకు బట్టలు కుట్టిన ఇల్లు. కొలతలు తీసేటప్పుడు ఆయనకొక చాదస్తం ఉండేది. టేపు చేతిలోకి తీసుకోగానే, "తల పైకెత్తు బేటా. తల దించుకున్నోనికి ఏ కోటూ నప్పదు" అనేవాడు. దుకాణంలో నన్ను బేటా అనేవాడు. అదే మనిషి కచేరీకి వస్తే, నలుగురిలో నా మర్యాద పోతుందని కాబోలు, సాబ్ అనేవాడు.

ఇక కచేరీ. మా పెద్ద గుమాస్తాను మున్తజిమ్ సాబ్ అనేవాళ్ళం. నెలాఖరున ఆయన ఆధ్వర్యంలో జరిగే మహాయజ్ఞం పేరు గోష్వారా. ఆ నెలలో ఎన్ని ఇళ్ళకు ఇజాజత్ ఇచ్చాం, పోయిన నెల కంటే ఎక్కువా తక్కువా, ఎందుకు, ఇదంతా గళ్ళు గీసిన ఒక్క కాగితం మీద రాసి పైకి పంపాలి. చివరి గడి కైఫియత్, అంటే కారణం రాసే చోటు. చేరిన మొదటి నెల నేను ఉన్నదున్నట్టు లెక్కపెట్టి పట్టుకుపోయాను. మున్తజిమ్ సాబ్ కాగితం చూసి నోట్లో పాన్ నమలడం ఆపేశారు.

"ఏం బై, ఈ నెల గింతగనం పెంచినవ్? వచ్చే నెల ఏం జూపిస్తవ్? నా గడ్డమా?"

"అన్నే అయినయి సాబ్."

"అయితే అయినయి. ఎక్కువ జూపిస్తే పైనోళ్ళకు ఆశ పెరుగుతది. తక్కువ జూపిస్తే అనుమానం పెరుగుతది. గోష్వారా అంటే ముసలమ్మ మెట్లెక్కినట్టు జెర మెల్లగ ఎక్కాలె. సమజైందా? మిగిలినయి కట్టగట్టి పక్కకు పెట్టు, వచ్చే నెలకు పనికొస్తయి."

అదీ మా కచేరీ విద్య. సంతకమూ అయిపోయేది, ముద్రా పడేది. తారీఖు ఒక్కటే వేసేవాళ్ళం కాదు. అట్లాంటి కాగితాలన్నీ ఎర్ర గుడ్డలో కట్టి నా బీరువాలో పెట్టేవాణ్ణి. దానికి వచ్చే నెల కట్ట అని పేరు. అర్జీ పెట్టుకున్న మనిషి వచ్చి కిటికీ దగ్గర నిలబడితే, ఆయన ఇల్లు నా వెనకే బీరువాలో ఉండగా, నేను ముఖం ముడుచుకొని "వచ్చే నెల రాండ్రి" అనేవాణ్ణి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊరికే అన్నారా?

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు, దానికి ముందు నెలల్లో, మా గోష్వారా గాలిపటంలా పైకి పోయింది. రజాకార్ల గొడవలకు భయపడి పల్లెల జనం మూటాముల్లె సర్దుకొని ఊళ్ళోకి వచ్చి పడ్డారు. జాగా ఉన్నవాళ్ళు పెరట్లో ఒక గది లేపి అద్దెకిద్దామని అర్జీలు పెట్టారు. కైఫియత్ గడిలో నేను రాసిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. 'సర్కారు వారి సుపరిపాలన వల్ల రయ్యతులు ఉత్సాహంగా ఇళ్ళు కట్టుకొనుచున్నారు.' రయ్యతులు, అంటే ఆ జనం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని పారిపోయి వచ్చారని రాయడానికి ఆ గడి చాలదు.

మెహర్ నెల వచ్చింది, ఇంగ్లీషు లెక్కన ఆగస్టు. లెక్క మరీ పెరిగిపోయింది. "నాలుగు ఆపు" అన్నారు మున్తజిమ్ సాబ్. ఎవరివి ఆపాలన్నది నా చేతిలో పని. వకీలుది ఆపితే నోటీసు ఇస్తాడు. కంట్రాక్టరుది ఆపితే నేరుగా మున్తజిమ్ సాబ్ ఇంటికే పోయి కూర్చుంటాడు. అందుకని నోరు లేనివాళ్ళను ఏరాను. మూడు తేలిగ్గా దొరికాయి. నాలుగోది దర్జీ చాచాది పెట్టాను. రాంగోపాల్‌పేట్ గల్లీలో చిన్న జాగా, రెండు గదులు, ముందొక వసారా. బతుకంతా సూదికీ దారానికీ మధ్య కూడబెట్టి కొన్న జాగా అది. చాచా మనవాడే కదా, ఒక నెల ఆలస్యమైతే ఏమనుకుంటాడులే అనుకున్నాను. తెలిసినవాళ్ళకే కదా మనిషి అంత ధైర్యంగా అన్యాయం చేసేది.

ఆ తర్వాతి నెలలోనే పోలీస్ యాక్షన్ అయింది. పేరు చూడండి! ఢిల్లీ సర్కారు ట్యాంకులొచ్చాయి, విమానాలొచ్చాయి, పేరు మాత్రం పోలీసు. మేము నాలుగు ఇళ్ళు అటూ ఇటూ జరిపితే దొంగ లెక్కా, వాళ్ళు యుద్ధానికి పోలీసు అని పేరు పెడితే రాజనీతీనా? సరే, ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. తలుపులు వేసుకొని కూర్చున్నవాళ్ళం మెల్లగా తీసి చూస్తే రాజ్యం మారి ఉంది.

రాజ్యంతో పాటు బట్టలు మారాయి. కొత్త సర్కారుకు షేర్వానీ కనబడితే ఏమనుకుంటుందోనని గుమాస్తాలందరూ దర్జీల మీద పడ్డారు. మోకాళ్ళ దాకా ఉన్న షేర్వానీలు విప్పించి, కోసి, కోట్లు కుట్టించుకున్నారు. ఆ ఒక్క నెలలో ఊళ్ళో ఎన్ని షేర్వానీలు కోట్లయ్యాయో ఎవరూ గోష్వారా రాయలేదు. రాసి ఉంటే ప్రజల్లో నమ్మకం సంగతి సరిగ్గా తెలిసేది.

నేనూ నా షేర్వానీ చంకలో పెట్టుకొని చాచా దుకాణానికి పోయాను. దుకాణం నిండా నల్ల గుడ్డే. చాచా గడ్డం ఆ కొన్నాళ్ళలోనే బాగా తెల్లబడింది.

"తల ఎత్తు బేటా" అని వీపు మీద టేపు పెట్టాడు. టేపు భుజానికి జరుపుతూ, "నా కాయితం ఏమైంది?" అన్నాడు.

"వచ్చే నెల అయితది చాచా."

"జెర జల్ది చూడు. మేముండే గది యజమాని ఖాళీ చేయమంటున్నడు. మీరెట్లైనా పాకిస్తాన్ పోయెటోళ్ళే గద, ఇయ్యాల పోతే ఏంది రేపు పోతే ఏంది అంటున్నడు. నేనేడికి పోతా? మీ చాచీకి మల్కాజ్‌గిరి దాటి ఊరే తెల్వది." ఆయన నవ్వాడు, కానీ టేపు పట్టుకున్న చెయ్యి కదల్లేదు. "ఇల్లు కట్టుకునేటోడు ఊరిడ్సి పోతడా? రెండు గోడలు లేస్తే ఇగ ఎవ్వడూ నన్ను పోతవా అని అడగడు."

అర్థమైంది కదా? ఆయనకు కావలసింది నీడ ఒక్కటే కాదు. ఉంటున్నాను అని చెప్పే గోడ కావాలి. ఆ గోడ నా బీరువాలో ఎర్ర గుడ్డలో ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన కొలతలు రాసుకున్నాడు. వారం తర్వాత కోటు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, నిటారుగా నిలబడితే వీపు మీద సంచిలా వేలాడేది, కాలరు మెడకు అంటేది కాదు. తల వంచితే మాత్రం ఒంటికి పోతపోసినట్టుండేది. కచేరీలో ఎట్లాగూ వంచే ఉంచుతాను కాబట్టి పట్టించుకోలేదు.

ఆజూర్ నెల రాగానే కట్ట విప్పి చాచా కాగితం ఇచ్చేద్దామని ఒట్టు పెట్టుకున్నాను. ఆజూర్‌తో, అంటే అక్టోబరుతో, మాకు కొత్త సంవత్సరం. కొత్త రిజిస్టరుకు ఉర్దూలో తలకట్టు కూడా రాసి పెట్టాను. ఇంతలో మద్రాసు వైపు నుంచి కొత్త ఆఫీసరు దిగాడు. దిగీ దిగగానే ఫసలీ నెలలు చెల్లవనీ, ఇకనుంచి అన్నీ ఇంగ్లీషు నెలలేననీ హుకుం వేశాడు. ఇన్నాళ్ళూ జనానికి వచ్చే నెల, వచ్చే నెల అని చెప్పాం. చివరికి ఆ వచ్చే నెలనే సర్కారు రద్దు చేసింది! మున్తజిమ్ సాబ్ సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. కట్ట నా ఒక్కడి మెడకు చుట్టుకుంది.

కొత్త ఆఫీసరు పాత రిజిస్టరు మూయించి కొత్తది తెరిపించాడు. పాతదాంట్లో ఎక్కనిది మంజూరు కానట్టే, కొత్తదాంట్లో ఎక్కాలంటే మళ్ళీ అర్జీ పెట్టాలి. కట్టలోని నాలుగు ఇళ్ళూ రెండు రిజిస్టర్ల సందులో పడ్డాయి. నేను నోరు విప్పలేదు. విప్పితే, సంతకమైన కాగితాలు బీరువాలో ఎందుకు దాచావని అడుగుతాడు. ఉద్యోగం ఊడుతుందని నాకు భయం. భయం అనే మాటను అప్పట్లో నేను క్రమశిక్షణ అనేవాణ్ణి.

నెలాఖరు వచ్చింది. కొత్త రాజ్యంలో తొలి గోష్వారా. ఊళ్ళో ఎవడు ఉంటాడో ఎవడు పోతాడో తెలియని రోజుల్లో ఇల్లెవడు కడతాడు? ఒక్క అర్జీ లేదు. ఆఫీసరు తల పట్టుకున్నాడు.

"ఏమయ్యా, సున్నా అని రాసి పంపితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? శాంతి నెలకొందని పైవాళ్ళు దేశమంతా చాటుతుంటే, మన ఊళ్ళో ఒక్కడు కూడా ఇటుక మీద ఇటుక పెట్టలేదని రాయమంటావా?"

అప్పుడు నా నోరు పెగిలింది. చాచా మీద జాలితో పెగిలిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఆఫీసరు మెప్పు దొరుకుతుందని పెగిలింది. పాత ప్రభుత్వంలో తారీఖు పడని కాగితాలు నాలుగు ఉన్నాయన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎందుకు ఉన్నాయని అడగనే లేదు. రొట్టె విరిగి నేతిలో పడితే ఎవడైనా అడుగుతాడా? నాలుగూ ఎక్కించాం. కారణం గడిలో మళ్ళీ నా చెయ్యే. ఈసారి ఇంగ్లీషులో. శాంతిభద్రతలు నెలకొన్నందువల్ల ప్రజలు ఉత్సాహంగా ఇళ్ళు కట్టుకొనుచున్నారని రాశాను. ఇళ్ళు అవే, ఉత్సాహం అదే.

మూడు కాగితాలు వాళ్ళవాళ్ళకు ఇచ్చేశాం. నాలుగోదాని మీద పేరు చదివి ఆఫీసరు ఆగాడు. "ఇతను ఊళ్ళో ఉన్నాడా, వెళ్ళిపోయాడా? పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళ స్థలాలు సర్కారు రాసుకుంటోంది. ఇది ఖాళీ స్థలమని జాబితాలో ఉంది."

"ఊళ్ళోనే ఉన్నడు సార్. ఈ కోటు కుట్టింది ఆయనే."

ఆయన నా కోటు చూసి మూతి విరిచాడు. "మనిషి ఉంటే చాలదయ్యా. ఆ స్థలంలో నివాసం ఉన్నట్టు ఉండాలి. ఇల్లుంటే అనుమతి ఇద్దాం."

అనుమతి లేనిదే ఇల్లు కట్టరాదు. ఇల్లు లేనిదే అనుమతి ఇవ్వరాదు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఇంకొక వారానికి ఆ జాగాలో నోటీసు పాతారు. పదిహేను రోజుల్లో నివాసం రుజువు కాకపోతే స్థలం సర్కారుది. చాచా కచేరీకి వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "సాబ్, ఇప్పుడేం జేయాలె?" అని నన్నడిగాడు. "తనిఖీకి వస్తం" అన్నాను. మెహర్ నెలలోనే ఆ కాగితం ఇచ్చి ఉంటే ఈపాటికి పైకప్పు పడి ఉండేది. కిటికీ మూసి గొళ్ళెం పెట్టుకున్నాను.

గడువు చివరి రోజు ఆఫీసరు నన్నే తనిఖీకి పంపాడు. ఖాళీ స్థలం అని రాసుకు రావడానికే పోతున్నానని అనుకున్నాను. గల్లీ మలుపు తిరిగి చూద్దును కదా, జాగాలో ముగ్గు పోసి ఉంది. ఇల్లు కట్టేముందు మేస్త్రీలు నేల మీద సున్నంతో గోడలు గీస్తారు చూడండి, ఆ ముగ్గు. ముగ్గు పోయడానికి ఏ సర్కారు ఇజాజతూ అక్కర్లేదు. గీతల వెంట కర్రలు పాతి, దండు వాళ్ళు అమ్మేసిన గుడారాల గుడ్డ కుట్టి కట్టాడు చాచా. రెండు గదులు, ముందొక వసారా. వసారాలో కుట్టు మిషను. లోపల రాళ్ళ పొయ్యి మీద చాచీ అన్నం వండుతోంది.

నేను గీత దాటబోతే చాచా మిషను ఆపాడు.

"బూట్లు ఆడ ఇడ్వు సాబ్. ఇల్లిది."

విడిచాను. టేపు తీసి ప్రతి గదీ కొలిచాను. మంజూరైన నక్షాతో, అంటే ఇంటి ప్లానుతో, పోల్చాను. నా ఉద్యోగం మొత్తంలో ఎన్నో బంగళాలు కొలిచాను. నక్షా ఒకటి, కట్టింది ఒకటి. గల్లీ మీదికి రెండడుగులు జరగని గోడ లేదు. అంగుళం తేడా రాని ఇల్లు నాకు దొరికింది అదొక్కటే. కట్టింది దర్జీ కదా, ఎందుకొస్తుంది తేడా?

అక్కడే నిలబడి రాశాను. 'గదులు నక్షా ప్రకారం ఉన్నవి. పొయ్యి వెలుగుచున్నది. భార్యాభర్తలు నివాసం ఉన్నారు.' గోడలు దేనితో కట్టారన్న గడి మా ఫారంలో లేదు. మొదటిసారి ఆ ఫారం మీద నాకు ప్రేమ పుట్టింది.

ఆఫీసరు చదివి పొంగిపోయాడు. మంజూరుల గడిలో చాచా ఇల్లు పోయిన నెలే ఎక్కింది. ఇప్పుడు నివాసం కూడా అయిపోయింది! ఇంత వేగంగా పూర్తయిన ఇల్లు తన సర్వీసులో చూడలేదన్నాడు. పూర్తయిన ఇళ్ళ గడిలో ఒకటి వేయించాడు. జాగా జాబితాలోంచి కొట్టేశారు. కాగితం మీద తారీఖు పడింది. దాన్ని తీసుకొని నేనే రాంగోపాల్‌పేట్ పోయాను.

చాచా కాగితాన్ని రెండు చేతులతో తీసుకొని చూసి, మడిచి చాచీకి ఇచ్చాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. నాకు టీ ఇచ్చారు. టీ పక్కన పెట్టాను. ఇంతకాలం దాచిన మాట ఇక ఆగలేదు.

"చాచా, ఈ కాయితం మెహర్ నెలలనే అయ్యింది. సంతకం సుత అప్పుడే పడ్డది. నేనే ఆపిన."

ఆయన దారం నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించుకున్నాడు. "నాకెర్కే బేటా."

"ఎట్ల ఎర్క? ఎవరు జెప్పిన్రు?"

"ఎవరు జెప్పాలె? కోటు కొలతలప్పుడు తల ఎత్తు అంటే ఎత్తకపోతివి. కాయితం అనంగనే ఇంకింత దించితివి. గట్లనే కొలిచిన, గట్లనే కుట్టిన."

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"అడిగితే ఏం జెప్తుంటివి?"

ఏం చెప్పేవాణ్ణో ఇద్దరికీ తెలుసు. చాచా లేచి మిషను మీది టేపు తీసుకున్నాడు.

"కోటు ఇప్పు. వీపుల సంచి తీర్గ ఏలాడుతుంది, నా పేరు ఖరాబు. సరిజేసి ఇస్త. తల పైకెత్తి నిలబడు."

కోటు విప్పాను. సున్నపు గీత లోపల, బూట్లు లేకుండా, నిలబడ్డాను. చాచా నా వెనక టేపు పట్టుకొని నిలబడ్డాడు. చాచీ పొయ్యి దగ్గర నుంచి చూస్తోంది. తల ఎత్తుదామనే అనుకున్నాను. మెడ నా మాట వినలేదు. ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. తర్వాత టేపు మెడలో వేసుకొని, మెల్లగా పోయి మిషను ముందు కూర్చున్నాడు.

"పోనీ తియ్యి బేటా," అన్నాడు. "వచ్చే నెల రా."